వెనక్కి తిరిగి పిలిచిన పేర్లు

తల్లీ రత్నం,

మావయ్య రాస్తున్నాడు. నువ్వు వెళ్లిపోయి పద్నాలుగు నెలలైంది. కేలండర్ దగ్గర నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాను. లెక్క తప్పితే నువ్వు ఊరుకోవు కదా...

అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. నువ్వు చదివింది హిందీ బడి. తెలుగు నేనే నేర్పాను, చేటలో బియ్యం పోసి వేలితో దిద్దించి. ఆఫీసరువైనా అక్షరం అక్షరం కూడబలుక్కునే చదివేదానివి. "మావయ్యా, నీ ఉత్తరం సదవాలంటే నాను ఆఫ్ డే లీవు పెట్టాల" అని నవ్వేదానివి. ఇప్పుడు తొందరేం లేదు. మెల్లిగా చదువుకో.

ఇక్కడ వానలు వెనకబట్టాయి. డింగీలు మళ్లీ నీళ్లలోకి దింపాం. చేపల సంగతి చివర్లో చెబుతాను. ముందు చెప్పాల్సింది వేరే ఉంది. నువ్వు ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్పలేకపోయింది. ఈ మధ్య ఇంకొకరికి చెప్పాను. నీకు చెప్పకుండా వాళ్లకి చెప్పడం ఏం న్యాయం? అందుకే ఈ కాగితం.

నీ ఉద్యోగం పేరు నాకెప్పుడూ నోరు తిరగలేదు. స్టాటిస్టీషియన్. మన వాడలో అందరికీ నువ్వు లెక్కల రత్నానివి. డాక్టరువి కావు, సూది వెయ్యవు, మందు ఇవ్వవు, జ్వరాల ఆఫీసులో నీకేం పని అని పక్కింటి చిన్నమ్మ అడిగింది గుర్తుందా? "మందు పని సేసిందని డాక్టరు అంటాడు పిన్నీ. మందేనా, దానంతట అదే తగ్గిందా అని అడిగే మనిషి ఒకరుండాల గదా. ఆ అడిగేదాన్ని నాను" అన్నావు. చిన్నమ్మ ఆలోచించి, అయితే తగువులమారి ఉద్యోగమన్నమాట అంది. నువ్వు అవునవునని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వావు.

ఆ నవ్వు వరండాలో ఇంకా ఉన్నట్టే ఉంటుంది...

చిన్నమ్మ మొగుడు పోలయ్య నా డింగీ జతగాడు. ఎలుక జ్వరంతో పోయాడు. వానల్లో సముద్రం మీదికి పోలేం కాబట్టి పక్క ఊళ్ల వరి మడుల్లో నాట్లకి పోతాం. ఎలుకలు తిరిగిన నీళ్లు. కాలి మీద చిన్న గీత ఉన్నా చాలు. ఒళ్లు నొప్పులన్నాడు, కళ్లు పచ్చబడ్డాయి, అయిదో రోజుకి లేడు. నువ్వు పోర్ట్ బ్లెయిర్ నుంచి పగలంతా బస్సులో వచ్చి, అతని కాళ్ల దగ్గర కూర్చున్నావు. ఏడవలేదు. మీ ఆఫీసు చేసే మందు పరీక్షలో మన వాడని కూడా కలపాలని అప్పుడే అనుకున్నావా? నేను అడగలేదు. నువ్వూ చెప్పలేదు.

వానలకి ముందే మందు మొదలుపెడితే జ్వరం రాకుండా ఆగుతుందా, ఆగదా... అదీ పరీక్ష. మాయాబందర్ చుట్టుపక్కల చాలా ఊళ్లలో పెట్టారు. మన వాడకి చెప్పడానికి నువ్వే వచ్చావు. అందరినీ మన వరండాలో కూర్చోబెట్టావు. సగం మందికి మందున్న గొట్టం మాత్రలు. మిగతా సగానికి అచ్చం అలాంటివే, కానీ ఉత్తవి. లోపల మందు ఉండదు. ఎవరికి ఏది వచ్చిందో ఎవరికీ తెలియదు. డాక్టరుకీ తెలియదు, నీకూ తెలియదు. ఆ వివరం ఎక్కడో మెయిన్‌ల్యాండ్‌లో తాళం వేసి ఉంటుంది, పరీక్ష అంతా అయ్యాకే తీస్తారు. ఏదీ దాచకుండా చెప్పావు. జనం మొహాలు చూసుకున్నారు.

అప్పుడు నువ్వు చేపల వాటా మాట తెచ్చావు.

డింగీ రాగానే మనం చేపలన్నీ కుప్ప పోస్తాం. సమానంగా వాటాలు పెడతాం. ఒకరు వెనక్కి తిరిగి సముద్రం వైపు చూస్తూ నిలబడతారు. ఇంకొకరు ఒక వాటా మీద వేలుపెట్టి, ఇది ఎవరిది అని అడుగుతారు. తిరిగి నిలబడిన మనిషి చూడకుండా ఒక పేరు పిలుస్తారు. ఆ వాటా వాళ్లది. ఇక దాని మీద మాట ఉండదు. చిన్నప్పుడు ఆ పేర్లు పిలిచింది నువ్వే. ఆరేళ్లకే తల్లీ తండ్రీ లేకుండా మావయ్య దగ్గరికి చేరిన పిల్లవి, నీకు ఎవరి మీదా పక్షపాతం ఉండదని పెద్దవాళ్లు నిన్నే నిలబెట్టేవారు. రెండు జడలు, చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు చించుకుని పిలిచేదానివి. పిలిచినందుకు నీకూ ఒక చిన్న వాటా ఉండేది.

"ఇదీ అలగే" అన్నావు వరండాలో. "ఏ సీసా ఎవలిదో కంపూటరు మిసను ఎనక్కి తిరిగి పిలుస్తాది. నాకు తెలిస్తే నా సెయ్యే వంకర పోతాది. సిన్నమ్మ పిన్ని ముకం సూసి మందు సీసా ఆమెకే ఇచ్చెత్తాను. అప్పుడు మందు గొప్పదా, నా జాలి గొప్పదా ఎవలికి తెలుస్తాది?"

అందరూ తలూపారు. సంతకాలు పెట్టారు, రాయడం రానివాళ్లు వేలిముద్రలు వేశారు. నువ్వు పొంగిపోయావు. ఇంకే ఊళ్లోనూ ఇంత తొందరగా అర్థం కాలేదని నాతో అన్నావు.

మాకు అర్థమైంది తల్లీ. నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువే అర్థమైంది. అక్కడే వచ్చింది చిక్కు.

నెలకి ఒక్కొక్కరికి ఒక సీసా. సీసా మీద వాళ్ల నంబరు. అందులో నాలుగు గొట్టం మాత్రలు, వారానికొకటి. నర్సమ్మ పెట్టె తెచ్చి మన వరండాలో పెట్టేది, నేను నంబరు చూసి పంచేవాణ్ని. ఎక్కువ మాట్లాడని మనిషిని కాబట్టి నా దగ్గరే పెట్టించావు. మొదటి నెల పెట్టె వచ్చిన సాయంత్రమే అందరూ మన వరండాలోకి వచ్చారు. చిన్నమ్మ ముందు నిలబడింది.

ఒకలికి సేప, ఒకలికి గవ్వా అన్నా... ఇదేటి వాటా అంది. మన రేవులో ఏనాడైనా ఇలగ జరిగిందా అంది.

వాటాలో పేరు ఎలా పిలిచినా, అన్ని కుప్పలూ సమానంగా ఉంటాయన్న నమ్మకం మీదే కదా మనం ఒప్పుకునేది. నువ్వు మరిచిపోయావా, మాకు గుర్తుండదని అనుకున్నావా?

సీసాల్లోని మాత్రలన్నీ చేటలో గుమ్మరించారు. నీకు అక్షరాలు దిద్దించిన చేటే. చిన్నమ్మ రెండు చేతులతో కలిపింది. నాలుగేసి మాత్రల వాటాలు పెట్టింది. నన్ను వెనక్కి తిరగమన్నారు.

తిరిగాను. పిలిచాను. ఒక్కొక్క పేరూ.

అందరికీ సగం మందు, సగం ఉత్తది వస్తుంది, ఎవరూ ఊరికే పోరు అనుకున్నాం. ఆ వానకాలం నాలుగు నెలలూ అలాగే చేశాం. కాదనలేకపోయానని ఇప్పుడు రాయొచ్చు. కానీ నిజం అది కాదు. చేస్తున్నప్పుడు తప్పనిపించలేదు. మంచి పని చేస్తున్నాననే అనిపించింది. పోలయ్య పెళ్లాం చేతిలో గవ్వ పెట్టలేను కదా అనుకున్నాను.

నువ్వు కనిపెట్టేశావు.

వానలు ఆగాక వచ్చావు. వల బాగుచేస్తూ కూర్చున్నాను. పక్కన పీట వేసుకుని కాగితాలు తిప్పావు. వేరే ఊళ్లలో మాత్రలు మిగిలిపోయాయి అన్నావు. ఒకడు మరిచిపోయాడు, ఒకడు వాంతొచ్చిందని పారేశాడు, ఒకడి సీసా ఇంట్లో పెట్టింది పెట్టినట్టే ఉంది. "మన వాడలో ఒక్కటి మిగల్లేదు మావయ్యా. ఒక్కటంటే ఒక్కటి. మనోళ్లు ఇంత బుద్ధిమంతులు ఎప్పుడైపోనారు?" అని నవ్వావు. నవ్వుతూనే నన్ను చూశావు.

నేను వల చూశాను.

"లెక్క మరీ సక్కగా ఉంటే నాకు బయ్యం" అన్నావు. నేను దారం కొరికాను. ఇంకొకటి కూడా అన్నావు. "తాళం తియ్యకముందు సెప్పిన మాటకే యిలువ మావయ్యా. తీసినాక ఏటి సెప్పినా అది సాకే అవుతాది." అని కాగితాలు సంచిలో పెట్టుకుని, టీ పెట్టనా అని అడిగావు.

అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేది? ఎన్నిసార్లు అనుకున్నానో...

తర్వాత నీ కడుపునొప్పి. తర్వాత చెన్నై ఆసుపత్రి. ఆ మంచం మీద కూడా లాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకుని ఏవో అంకెలు చూసేదానివి. ఇంకెందుకమ్మా అవి అని ఒకసారి అడిగాను. వేరే ఊరి మనిషి ఒకడు మధ్యలో మందు మానేసి దీవి వదిలి వెళ్లిపోయాడట, లెక్కల పట్టీలో వాడి వరస సరిచేస్తున్నానన్నావు. పోయినవాణ్ని తీసెయ్యకూడదా అన్నాను. "తీసెయ్యకూడదు. ఒకసారి పేరు పిలిసినాక వాటా మారదు మావయ్యా. మందు మింగినా మానేసినా, ఊరొదిలి పోయినా, మనిసే పోయినా... ఏ వరసలో పిలిసామో ఆకరిదాకా ఆ వరసలోనే లెక్క." నీ గొంతు అప్పటికే సన్నబడిపోయింది. నేను దుప్పటి సర్దాను. ఆ రోజూ చెప్పలేదు.

నిన్ను చిన్న కుండలో తెచ్చి మన రేవులోనే కలిపాం. అది నీకు తెలుసో తెలియదో.

రెండు నెలల కిందట ఫరీదా ఫోను చేసింది. నీ దగ్గర పని నేర్చుకున్న పిల్ల, నన్ను మామాజీ అంటుంది. అన్ని ఊళ్లూ అయిపోయాయి, సోమవారం తాళం తీస్తున్నారు, దీదీ లేకుండా తీస్తున్నామని ఏడ్చింది. అది గురువారం.

ఆ రాత్రంతా వరండాలో కూర్చున్నాను. నువ్వు ఇన్నేళ్లు పడ్డ కష్టం నా ఒక్క మాటతో పాడైపోతే? చెప్పకపోతే, నువ్వు ఇన్నేళ్లూ చేసిన దానిలో ఒక అబద్ధం ఉండిపోతే? రెంటిలో ఏది ఎక్కువ పాపం? నిన్ను అడగాలనిపించింది. ఎవరిని అడగను...

పొద్దున్నే చిన్నమ్మకి చెప్పాను, వెళ్లి చెప్పేస్తానని. ఇన్నాళ్లూ నోరు లేనోడివి, ఇప్పుడే దొరికిందా నీకు నోరు అని అరిచింది. పోలీసులొస్తారా అని అడిగింది. తర్వాత లోపలికి వెళ్లి నాలుగు రొట్టెలు కాగితంలో చుట్టి తెచ్చి, బస్సులో తినడానికి చేతిలో పెట్టింది.

ఆ శుక్రవారమే బస్సెక్కాను. నువ్వు అద్దెకున్న ఆస్టినాబాద్ ఇంటి వైపు వెళ్లలేకపోయాను. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి ఆటోలో నేరుగా ఆఫీసుకే పోయాను. సాయంత్రమైంది. వస్తున్నానని ఫోను చేస్తే ఫరీదా నా కోసమే ఆగి ఉంది. నీ కుర్చీ చూపించి కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. నా హిందీ సంగతి నీకు తెలుసు కదా. మూడు మాటలు. హమ్ సబ్ మిలాయా. హమ్ సబ్ బాంటా. రత్నం కో నహీ బోలా. అన్నీ కలిపేశాం, పంచేసుకున్నాం, నీకు చెప్పలేదు అని.

కోప్పడుతుందనుకున్నాను. ఆ పిల్ల లేచి బీరువా తీసి ఒక ఫైలు తెచ్చింది. తాళం తీశాక లెక్క ఎలా కట్టాలో నువ్వు ముందే రాసిపెట్టిన కాగితాలట. ఒక పేజీ తీసి చదివి చెప్పింది. అందులో మన వాడ పేరుంది. ఇక్కడి మాత్రల లెక్క నమ్మేలా లేదు, అయినా ఈ మనుషుల్ని తీసెయ్యొద్దు, వాళ్ల వరసలోనే ఉంచండి, ఊళ్లవారీగా విడిగా కూడా చూపించండి అని రాశావు. కింద, కారణం అని రాసి ఒక గీత గీసి వదిలేశావు.

ఖాళీ గీత.

ఫరీదా చెప్పింది... దీదీ అంది, ఆ ఊరి నుంచి ఎవరైనా వచ్చి చెబితే రాసుకో, రాకపోతే అడగొద్దు అని.

నువ్వు అడగొద్దన్నావా తల్లీ? నేను అంతగా తెలుసా నీకు?

ఆ గీత మీద ఫరీదా నేను చెప్పింది ఇంగ్లీషులో రాసింది. తేదీ వేసింది. నన్ను సంతకం పెట్టమంది. తెలుగులో పెట్టాను. పెద్ద అక్షరాలతో.

తాళం తీశాక ఆ పిల్లే మన వాడకి వచ్చింది. అదే వరండాలో అందరినీ కూర్చోబెట్టి ఒక కాగితం చూపించింది. ఊరికొక అడ్డగీత. గీత మీద రెండు చుక్కలు, ఒకటి మందు వాళ్లది, ఒకటి ఉత్త మాత్రల వాళ్లది. చాలా ఊళ్లలో రెండు చుక్కలూ దూరదూరంగా ఉన్నాయి. అంటే మందు పని చేసిందట. మీ దీదీ ఆశపడినంత కాదు గానీ, చేసింది అంది. మన వాడ గీత మీద మాత్రం రెండు చుక్కలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు. చిన్నమ్మ వేలుపెట్టి, ఇది మనదే అంది. ఎలా తెలిసింది పిన్నీ అని ఎవరో అంటే, కలిసి తిన్నోళ్లు కలిసే కూకుంటారు గదా అంది. అందరూ నవ్వారు. నీ లెక్క పాడు కాలేదు రత్నం. మన వాడ ఎందుకలా ఉందో కింద రాసి ఉందట, మన మాటగా.

నవ్వు అక్కడితో అయిపోయింది.

ఎవరిది ఏ సీసానో చీటీలు ఇచ్చారు. నాది ఉత్తది. చిన్నమ్మదీ ఉత్తదే. ఎల్లయ్యది మందు సీసా.

నీకు తెలుసు, చిన్నమ్మ కొడుకు ఎల్లయ్య. ఆ వానల్లోనే కదా వాడికి జ్వరం వచ్చింది. బతికాడు. కానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి, డింగీ ఎక్కలేడు. అరుగు మీద కూర్చుని మేం నీళ్లలోకి దింపుతుంటే చూస్తుంటాడు. వాడి వాటా మందు నేను మింగాను. వాళ్లమ్మా మింగింది. పేర్లు పిలిచింది నేను.

మొత్తం మందు వాడే మింగి ఉంటే ఆగేదా? ఫరీదాని అడిగాను. చెప్పలేం మామాజీ అంది, మందు అంతా మింగినవాళ్లలో కూడా కొందరికి వచ్చింది అంది. నువ్వూ ఎప్పుడో ఈ మాటే అన్నావు. "నా లెక్క వందమంది గురించి సెప్తాది మావయ్యా. ఒక్క మనిసి గురించి అడిగితే దానికి నోరు లేదు." అప్పుడు నవ్వాను, నాలాంటిదేనన్నమాట నీ లెక్క అని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఎల్లయ్య ఒక్కడే కదా తల్లీ. వందమంది కాదు కదా.

చిన్నమ్మ మూడు రోజులు తలుపు తియ్యలేదు. నేను ఎల్లయ్య దగ్గరికి వెళ్లాను. ఏం చెప్పాలో తెలియక అరుగు మీద పక్కన కూర్చున్నాను. వాడే అన్నాడు. నువ్వు ఎనక్కి తిరిగే ఉన్నావు గదా మావా, సూసి పిలవలేదు గదా అన్నాడు. ఇంక ఆ మాట ఎత్తలేదు. డింగీ మోటారు సంగతి అడిగాడు. వాడు మన్నించాడా? నేను కుంగిపోకూడదని అన్నాడా? నాకు తెలియలేదు. నువ్వుంటే నీకు తెలిసేది.

ఇక చేపల సంగతి.

మొన్న ఈ ఏటి మొదటి డింగీ వచ్చింది. కానాగంత చేపలు బాగానే పడ్డాయి. చిన్నమ్మ కూడా రేవుకి వచ్చింది. మొహం పీక్కుపోయింది, కానీ వచ్చింది. వాటాలు తనే పెట్టింది. నన్ను వెనక్కి తిరగమన్నారు. మళ్లీ నన్నే. తిరిగాను, సముద్రం వైపు. చిన్నమ్మ అడుగుతోంది, నేను పిలుస్తున్నాను. ఇదెవలిది, అప్పారావుది. ఇదెవలిది, గౌరిది.

ఇదెవలిది అంది. నా నోట రత్నం అని వచ్చింది.

తిరిగి చూడకూడదు కదా, చూడలేదు. తప్పు పిలిచాను, ఒక మనిషికి వాటా తక్కువవుతుంది, కసురుకుంటారు అనుకున్నాను. కాసేపటికి చిన్నమ్మ గొంతు వినపడింది. సరే, రత్నానిది అంది. తర్వాతిది అడిగింది. అన్నీ అయ్యాక తిరిగి చూస్తే, అన్ని కుప్పల్లోంచీ ఒక్కో చేప తీసి ఇంకో కుప్ప పెడుతోంది. పేరు తక్కువపడిన మనిషికి అది ఇచ్చింది.

నీ వాటా ఎల్లయ్య ఇంటికి నేనే పట్టుకెళ్లాను. రత్నం పంపిందని చెప్పాను. తీసుకున్నాడు.

నువ్వు చెప్పిందే కదా తల్లీ, ఒకసారి పిలిచిన పేరు తీసెయ్యకూడదని. ఇక మీద తప్పుగా కాదు, తెలిసే పిలుస్తాను. డింగీ వచ్చిన ప్రతిసారీ. నేను నిలబడగలిగినన్నాళ్లూ.

కాగితం అయిపోయింది. చేట కడిగి ఎండలో పెట్టాను. 

నీ వరసలోనే ఉన్న
మావయ్య